బ్యాటరీ మార్చాక కారు అద్దం మొండికేసిందా? 20 సెకన్ల రీసెట్, దాని వెనక మా ఇంటి కథ

టాపిక్ థంబ్‌నెయిల్‌లో చూసే ఉంటారు. కారు బ్యాటరీ ఊడదీసి పెట్టాక, లేదా కొత్తది వేయించాక, అద్దం ఒక్క టచ్‌తో పైకి పోవడం మానేస్తుంది. కొన్ని కార్లలో స్విచ్ పట్టుకున్నంతసేపే కదులుతుంది. కొన్నిట్లో పైదాకా వెళ్లి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ కిందికి దిగిపోతుంది.

తొందరలో ఉన్నవాళ్ల కోసం పని ముందే చెప్పేస్తా. ఇగ్నిషన్ ఆన్ చేయండి, డోర్ మూయండి. అద్దం పూర్తిగా కిందికి దింపి, స్విచ్‌ని ఇంకో నాలుగైదు సెకన్లు అట్లనే నొక్కి పట్టుకోండి. తర్వాత స్విచ్ పైకి లాగి అద్దం పూర్తిగా మూసేయండి. మూసుకున్నాక వెంటనే వదలొద్దు, ఇంకో ఐదారు సెకన్లు అట్లనే లాగి పట్టుకోండి. వదలండి. ఇప్పుడు ఒక్క టచ్‌తో కిందికి, ఒక్క టచ్‌తో పైకి వేసి చూడండి. చాలా కార్లలో ఇంతే. ఈ పని చేస్తున్నప్పుడు అద్దం దగ్గర ఎవరి చెయ్యీ ఉండకూడదు, ముఖ్యంగా పిల్లలది. ఎందుకో ఇప్పుడు చెప్తా.

టైమ్ ఉన్నవాళ్లు కూర్చోండి. ఈ వీడియో చేయడానికి కారణం మా అక్క బిడ్డ. దానికి ఐదేళ్లు.

మాది లాల్‌దర్వాజా అని మీకు తెలుసు కదా. సింహవాహిని మహంకాళి అమ్మవారి గుడి దగ్గర్లోనే ఇల్లు. ఆషాఢంలో బోనాలు గోల్కొండలో మొదలై, తర్వాత సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళికి వెళ్లి, చివర్లో మా దగ్గరికొస్తాయి. ఆ వారం పది రోజులు మా గల్లీల్లో కారు తీయడమంటే అయ్యే పని కాదు. పందిళ్లు, తొట్టెలు, లైటింగ్, బారికేడ్లు, మళ్లీ సోమవారం ఘటాల ఊరేగింపు. అందుకే పండగకు ముందే కారు ఒక మూలకు పెట్టేసి, అంతా అయిపోయేదాకా దాన్ని ముట్టుకోం.

పోయిన ఆషాఢంలో అట్లనే పెట్టాం. పన్నెండు రోజులు. నేను చేసిన తెలివితక్కువ పని ఏంటంటే, డ్యాష్‌క్యామ్‌ని పార్కింగ్ మోడ్‌లో వదిలేశా. యూట్యూబర్ని కదా, ఊరేగింపు షాట్ ఏమన్నా పడుతుందేమో అని ఆశ. ఊరేగింపు పడలేదు, బ్యాటరీ పడిపోయింది. తాళం తిప్పితే టక్ టక్ టక్, అంతే. నాన్న నా మొహం చూసి ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ.

బ్యాటరీ పాతదే, నాలుగేళ్లు దాటింది. ఫోన్ చేస్తే ఒకతను స్కూటీ మీద కొత్త బ్యాటరీ వేసుకుని గంటలో వచ్చాడు. పది నిమిషాల పని. పాతది తీశాడు, కొత్తది పెట్టాడు, బండి స్టార్ట్ అయింది, పైసలు తీసుకుని వెళ్లిపోయాడు. గడియారం 12 దగ్గర మిణుకుమంటోంది, రేడియో స్టేషన్లు పోయాయి. అంతకు మించి ఏదైనా పోయి ఉంటుందని మాకెవరికీ తట్టలేదు.

ఇప్పుడు అసలు విషయం. దీనికి నేనే బాధ్యుణ్ని, అందుకే దాచకుండా చెప్తున్నా. మా కారులో డ్రైవర్ అద్దానికి యాంటీ పించ్ ఉంది. అంటే ఒక్క టచ్‌తో పైకి పోతున్న అద్దానికి మధ్యలో ఏదైనా అడ్డం తగిలితే ఆగి, వెనక్కి దిగుతుంది. కారు కొన్న కొత్తలో ఇది పాపకు చూపించా. అద్దం పైకి పంపి, నా చెయ్యి అడ్డం పెట్టి, అది దిగిపోతుంటే 'చూశావా, కారుకి నేనంటే భయం' అన్నా. దానికి తెగ నచ్చేసింది. కారు దగ్గరికొచ్చిన ప్రతిసారీ 'మామా, భయం ఆట' అనేది. నేను దాన్నొక షార్ట్ కూడా తీసి పెట్టా. వ్యూస్ బాగానే వచ్చాయి. ఇప్పుడు ఆ షార్ట్ మన ఛానెల్‌లో ఉండదు, తీసేశా.

బ్యాటరీ వేయించిన సాయంత్రం వాన మొదలైంది. నాన్న డ్రైవర్ సీట్లో కూర్చుని అద్దం వేస్తున్నాడు. ఒక్క టచ్‌కి పోవట్లేదు. కొంచెం కదిలి ఆగిపోతోంది. సరే అని స్విచ్ లాగి పట్టుకున్నాడు. బయట డోర్ దగ్గర పాప నిలబడి ఉంది. అద్దం పైకొస్తోంది. దానికి తెలిసిన ఆటే కదా, చెయ్యి పెట్టేసింది. నవ్వుకుంటూ పెట్టింది.

అద్దం ఆగలేదు.

నాన్న వెంటనే వదిలి కిందికి నొక్కాడు, ఒకటి రెండు సెకన్లే అయ్యుంటుంది. రెండు వేళ్లు ఇరుక్కున్నాయి. బట్టలో ఐస్ చుట్టి పట్టుకుని, కారులోనే దవాఖానకు తీసుకెళ్లాం. ఎక్స్‌రే తీశారు, ఎముక విరగలేదు. వేళ్లు వాచాయి, ఒక గోరు నల్లబడి కొన్ని వారాలకు ఊడి కొత్తది వచ్చింది. ఇప్పుడు బాగానే ఉంది. కానీ ఆ రాత్రి అది ఏడుస్తూ అడిగింది నాన్నని కాదు, నన్ను. 'మామా, కారు ఎందుకు భయపడలే?'

మర్నాడు అద్దం చూపిద్దామని ఒక షాపుకి తీసుకెళ్తే, అక్కడి ఉస్తాద్ స్విచ్ రెండుసార్లు లాగి 'మోటర్ గయీ భాయ్, పూరా బదల్నా పడ్తా' అన్నాడు. 5,800 అన్నాడు. నేను బీటెక్ చదివి నాలుగేళ్లు కోడ్ రాసినవాణ్ని. మోటర్ పోతే స్విచ్ పట్టుకున్నప్పుడు అంత బలంగా ఎట్లా పోతది? పైగా బ్యాటరీ మార్చిన రోజే ఎందుకు పోతది? ఇంటికొచ్చి గ్లవ్ బాక్స్‌లో ప్లాస్టిక్ కవర్ కూడా చింపని ఓనర్స్ మాన్యువల్ తీశా. పవర్ విండోస్ దగ్గర ఒక చిన్న పేరా. బ్యాటరీ కనెక్షన్ తీసినా, ఫ్యూజ్ తీసినా విండోను మళ్లీ సెట్ చేయాలి అని. నాలుగు లైన్లు. చదివి, చేసి, లేచేసరికి నిమిషం కాలేదు. అద్దం పాత అద్దం అయిపోయింది.

అసలు లోపల ఏం జరుగుతుందో చెప్తా, ఈ భాగం నాకు ఇష్టం.

డోర్ లోపల ఒక చిన్న మోటర్ ఉంటుంది. అది తిరిగితే కేబులో, కత్తెర లాంటి చేతులో అద్దాన్ని పైకి కిందికి జరుపుతాయి. ఆటో అప్ ఉన్న చాలా కార్లలో ఆ మోటర్ ఇరుసు మీద ఒక అయస్కాంతం, దాని పక్కన హాల్ సెన్సర్ ఉంటాయి. ఇరుసు తిరిగే కొద్దీ సెన్సర్ ఒక్కో పల్స్ పంపుతుంది. కంట్రోల్ మాడ్యూల్ ఆ పల్సులు లెక్కపెట్టుకుంటుంది. ఉదాహరణకి కింద నుంచి పైకి 1,000 పల్సులు అనుకోండి. 400 అయితే అద్దం సగం కంటే తక్కువలో ఉంది, 990 అయితే దాదాపు మూసుకుంది. అద్దం ఎక్కడుందో చూడటానికి కెమెరా లేదు, స్కేలు లేదు. ఉన్నదల్లా ఆ లెక్క ఒక్కటే. కళ్లు మూసుకుని మెట్లు లెక్కపెడుతూ చార్మినార్ ఎక్కేవాడిలా అనుకోండి. మధ్యలో ఎవరన్నా పలకరించి లెక్క మరిపించారంటే, ఇంక ఎన్నో మెట్టు మీద ఉన్నాడో వాడికే తెలీదు.

ఇప్పుడు అడ్డం ఎట్లా తెలుస్తుంది? ఏదైనా తగిలితే మోటర్ నెమ్మదిస్తుంది. పల్సుకీ పల్సుకీ మధ్య గ్యాప్ పెరుగుతుంది. మాడ్యూల్ 'ఏదో తగిలింది' అనుకుని మోటర్‌ని వెనక్కి తిప్పుతుంది. కానీ చూడండి, అద్దం పైన రబ్బరులోకి వెళ్లి బిగుసుకునేటప్పుడు కూడా మోటర్ నెమ్మదిస్తుంది కదా? రబ్బరు తగిలినా, చెయ్యి తగిలినా మోటర్‌కి రెండూ ఒకటే. ఇది రబ్బరా, పాప చెయ్యా అని తేల్చేది ఒకే ఒక్క విషయం, అద్దం ఇప్పుడు ఎంత ఎత్తులో ఉంది అన్నది. 990 దగ్గర తగిలితే రబ్బరు, మూసేయ్. 600 దగ్గర తగిలితే ప్రమాదం, దించేయ్.

బ్యాటరీ తీయగానే చాలా కార్లలో ఆ లెక్క పోతుంది. కొన్ని కార్లలో పోదు, పర్మనెంట్ మెమరీలో రాసుకుంటాయి. వాటిలో కూడా అద్దం కదులుతుండగా కరెంటు పోతే లెక్క తప్పొచ్చు. లెక్క తెలియనప్పుడు మాడ్యూల్ ఏం చేయాలి? గుడ్డిగా అద్దాన్ని పైకి పంపకూడదు. అందుకే ఆటో అప్ ఆపేస్తుంది. 'నువ్వే స్విచ్ పట్టుకో, నువ్వే చూసుకో, బాధ్యత నీది' అంటుంది. డిజైన్ చేసిన ఇంజినీర్ల కోణంలో అది సరైన నిర్ణయం. నేనైనా అట్లనే కోడ్ రాసేవాణ్ని. కానీ ఆ మాట స్క్రీన్ మీద ఎక్కడా చెప్పదు. మా నాన్నకు అది స్విచ్ పాడైనట్టే కనపడింది. పాపకు అసలేమీ కనపడలేదు.

రీసెట్ అంటే మనం చేసేది ఆ లెక్క మళ్లీ నేర్పించడమే. పూర్తిగా కింద ఒక గోడ, పూర్తిగా పైన ఒక గోడ. పైన మోటర్ ఆగిపోయాక కూడా మనం స్విచ్ వదలకపోతే, 'ఓహో, ఇదే చివర' అని రాసుకుంటుంది. మీ ఇంట్లో ప్రింటర్ ఆన్ చేయగానే లోపల హెడ్ ఒకసారి ఆ చివరికి వెళ్లి టక్‌మని వస్తుంది చూడండి, అదీ ఇదే పని. ప్రింటర్ తనంతట తాను చేసుకుంటుంది, అద్దం మనల్ని చేయమంటుంది. అక్కడ ఎవరి చెయ్యి ఉందో దానికి తెలీదు కాబట్టి.

కంపెనీని బట్టి పద్ధతి కొంచెం మారుతుంది. హ్యుందాయ్ మాన్యువల్స్‌లో అద్దం పూర్తిగా మూసుకున్నాక కనీసం ఒక సెకను స్విచ్ లాగి పట్టుకోమంటారు. కొన్ని జపాన్ కార్లలో ముందు పూర్తిగా దించి, తర్వాత మూసి పట్టుకోవాలి. కొన్ని యూరప్ కార్లలో మూసుకున్నాక ఒకసారి వదిలి, మళ్లీ లాగి పట్టుకోవాలి. అందుకే నేను మొదట్లో చెప్పిన పద్ధతిలో సెకన్లు ఎక్కువ పెట్టా, చాలావాటికి సరిపోతుంది. కాకపోతే మీ మాన్యువల్ ఏం చెప్తే అదే ఫైనల్, నేను కాదు. బుక్ పోయిందంటే కంపెనీ వెబ్‌సైట్‌లో పీడీఎఫ్ ఉంటుంది. నాలుగు డోర్లకూ ఆటో ఉన్న కారైతే, నాలుగింటికీ విడివిడిగా చేయాలి. ఒక్కోసారి ఆ డోర్‌కున్న స్విచ్‌తోనే చేయాలి, డ్రైవర్ దగ్గరి స్విచ్‌తో అవ్వదు.

రెండుసార్లు చేసినా అవ్వలేదనుకోండి, వెంటనే పదిసార్లు కిందికీ పైకీ ఆడించకండి. మోటర్ వేడెక్కకుండా ఒక ప్రొటెక్షన్ ఉంటుంది, అది కాసేపు మొత్తం ఆపేస్తుంది. అప్పుడు నిజంగానే మోటర్ పోయిందనిపిస్తుంది. కొన్ని నిమిషాలు ఆగండి. చాయ్ తాగి రండి. తర్వాత అద్దం జారే రబ్బరు గాడి చూడండి. మా పాతబస్తీ దుమ్ము సంగతి తెలుసు కదా, శాలిబండ నుంచి చార్మినార్ దాకా ఒకసారి వెళ్లొస్తే అద్దం మీద వేలితో పేరు రాయొచ్చు. ఆ దుమ్ము గాడిలో పేరుకుంటే అద్దం బిగుసుకుంటుంది, మాడ్యూల్ దాన్ని అడ్డం అనుకుని వెనక్కి దించేస్తుంది. తడిబట్టతో తుడిచి, ఆరాక కొంచెం సిలికాన్ స్ప్రే కొట్టండి. ఇంజిన్ ఆయిల్, గ్రీజు పూయకండి, దుమ్ము ఇంకా పడుతుంది, రబ్బరూ పాడవుతుంది. ఇవన్నీ చేసినా కాకపోతే అప్పుడు మెకానిక్ దగ్గరికి వెళ్లండి. మోటర్లు నిజంగానే పోతాయి కూడా, నేను కాదనట్లేదు.

ఇప్పుడు నాకు కోపం తెప్పించే ముక్క. వారం తర్వాత ఆ బ్యాటరీ అతన్ని బండ్లు ఆగే చోట చూసి అడిగా. 'భాయ్, విండో రీసెట్ చేయాలని తెల్వదా?' అతను మామూలుగా, 'హౌ భాయ్, మాలూమ్ హై. కస్టమర్ పూఛా తో బోల్తా' అన్నాడు. అంటే, అడిగితే చెప్తాడట. తెలియనివాడు ఏమని అడుగుతాడు? అతను చెడ్డవాడు కాదు. రోజుకి ఎన్ని బ్యాటరీలు వేస్తాడో, ఎండలో వానలో తిరుగుతాడు. కానీ ఆ ఒక్క నిమిషం ఖర్చు మా ఇంట్లో పడింది. ఇది చూస్తున్నవాళ్లలో బ్యాటరీ పని చేసేవాళ్లుంటే నాదొక రిక్వెస్ట్. స్పానర్ డబ్బాలో పెట్టేముందు, ఆ అద్దం ఒక్కసారి కిందికి పైకి వేసి పట్టుకోండి అన్నా. పైసలు అడగండి, ఇస్తాం.

బ్యాటరీ మీరే తీసుకునేటట్టయితే ఇంకొన్ని చెప్తా. ముందు నాలుగు అద్దాలూ మూసేయండి, మధ్యలో వానొస్తే చేతులు కట్టుకుని నిలబడాలి. తాళం జేబులో పెట్టుకోండి. చాలా కార్లలో డిక్కీ కరెంటుతోనే తెరుచుకుంటుంది, తాళం అందులో పెట్టి మూశారో అయిపోయారు. తీసేటప్పుడు ముందు నల్లది, అంటే నెగెటివ్. పెట్టేటప్పుడు ముందు ఎర్రది, చివర్లో నల్లది. ఎందుకంటే కారు బాడీ మొత్తం నెగెటివ్‌కి కలిసి ఉంటుంది. నల్లది ఉండగా ఎర్రదాని మీద స్పానర్ పెట్టి, అది బాడీకి తగిలిందంటే మెరుపే. పెట్టాక గడియారం, రేడియో సరిచేసుకోండి. కొన్ని కార్లలో డ్యాష్‌బోర్డ్ మీద స్టీరింగ్‌దో, ఈఎస్‌సీదో లైటు వెలుగుతుంది. చాలాసార్లు స్టీరింగ్ ఒకసారి పూర్తిగా ఎడమకి, పూర్తిగా కుడికి తిప్పి, కొంచెం దూరం నడిపితే పోతుంది. పోకపోతే చూపించాలి.

ఇప్పుడు పిల్లలున్న ఇళ్లవాళ్లు కొంచెం దగ్గరగా వినండి. మీ కారులో యాంటీ పించ్ ఉందని మీరు అనుకుంటున్నారు చూడండి, అది ఏ అద్దానికుందో ముందు చూసుకోండి. మన దగ్గర చాలా కార్లలో ఆటో అప్ డ్రైవర్ అద్దానికి మాత్రమే ఉంటుంది. ఇంకా చాలా వాటిలో డ్రైవర్ అద్దానికి కూడా ఆటో డౌన్ ఒక్కటే. స్విచ్ మీద ఆటో అని రాసి ఉన్నంత మాత్రాన పైకి కూడా ఆటో అని కాదు. వెనక అద్దాలు, అంటే సరిగ్గా పిల్లలు కూర్చునే చోట, చాలా కార్లలో ఏమీ లేదు. ఏది అడ్డం వచ్చినా మూసుకుంటుంది. ఉన్న కార్లలో కూడా కొన్ని మోడళ్లలో ఒక్క టచ్‌తో పంపినప్పుడే అది పనిచేస్తుంది, స్విచ్ పట్టుకుని మూస్తే పనిచేయదు. ఇది మాన్యువల్స్‌లోనే రాసి ఉంది.

సరిగ్గా పనిచేసినా దానికి హద్దులున్నాయి. అమెరికా, యూరప్ రూల్స్‌లో అద్దం 100 న్యూటన్ల బలం దాటకముందే వెనక్కి తిరగాలి అంటారు. అంటే దాదాపు పది కిలోల బరువు మోపినంత. పెద్దవాళ్ల చేతికి అది పర్వాలేదు. ఐదేళ్ల పాప వేలు మీద పది కిలోల బియ్యం సంచి ఊహించుకోండి. ఆ టెస్టు కూడా 4 మిల్లీమీటర్ల ఖాళీ నుంచే లెక్క. చివరి నాలుగు మిల్లీమీటర్లలో అది పట్టించుకోదు, లేకపోతే అద్దం ఎప్పటికీ మూసుకోదు. సంక్రాంతికి మన పోరగాళ్లు కారు అద్దంలోంచి మాంజా పట్టుకుని ఉంటారు చూడండి, ఆ దారాన్ని ఏ సెన్సరూ పట్టదు. అందుకే నేను చేసిన ఆట ఎవరూ చేయకండి. రీసెట్ అయ్యాక చెక్ చేయాలంటే పాత పేపర్ గట్టిగా చుట్టి అడ్డం పెట్టండి. నేను కీరదోసకాయ పెట్టి చూశా, పనిచేసింది, కానీ మా అమ్మ ఆ కీర ఎవరు తింటారని నన్నే తినమంది.

ఇంకొకటి. డ్రైవర్ దగ్గర వెనక అద్దాల లాక్ బటన్ ఉంటుంది, పిల్లలు ఎక్కితే అది నొక్కేయండి. పాత కార్లలో అటూ ఇటూ ఊగే స్విచ్‌లుండేవి. పిల్లలు కిటికీలోంచి తల బయట పెట్టడానికి ఆర్మ్‌రెస్ట్ మీద మోకాలు పెడితే అద్దం పైకి లేచేది. అట్లా పిల్లలు చనిపోయిన ఘటనల తర్వాతే, అమెరికాలో 2005లో వచ్చిన చట్టంతో, పైకి లాగితేనే అద్దం మూసుకునే స్విచ్‌లు తప్పనిసరి అయ్యాయి. మీ స్విచ్ కిందికి నొక్కితే దిగడం, పైకి లాగితే ఎక్కడం వెనక అంత కథ ఉంది. కారు ఆపేశాక కూడా చాలా మోడళ్లలో కొద్దిసేపు అద్దాలు పనిచేస్తాయి. తాళం తీశాను కదా అని పిల్లల్ని వదిలి దిగకండి.

మా ఇంట్లో ఇప్పుడు ఏంటంటే, నాన్న అద్దం వేసేముందు పక్కకు తిరిగి చూసి 'చేతులూ' అని అరుస్తాడు. కారులో ఎవరూ లేకపోయినా అరుస్తాడు. పాప మాత్రం డ్రైవర్ అద్దం దగ్గరికి రాదు, వెనక్కి వెళ్లి కూర్చుంటుంది. నేను రీసెట్ చేసి, కారు బాగైంది చూడు అని పేపర్ చుట్టి చూపించా. అద్దం తగిలి దిగింది. అది చూసి, 'పేపర్‌కి భయపడ్డది, నాకు భయపడ్తదో లేదో' అంది. నా దగ్గర జవాబు లేదు, ఉండాల్సిన అవసరం కూడా లేదు. అది దూరంగా కూర్చుంటేనే నాకు బాగుంది.

చివరగా సన్‌రూఫ్ గురించి. చాలామంది అడుగుతున్నారు కాబట్టి. అవును, బ్యాటరీ తీస్తే దాని లెక్క కూడా పోవచ్చు, దానికీ రీసెట్ ఉంటుంది. కానీ పద్ధతి కారుకొకటి, అద్దం లాగా ఒకే మాటలో చెప్పలేను. మాన్యువల్‌లో సన్‌రూఫ్ పేజీ తీసి చూడండి. ఇవాళ్టికి ఇంతే ఫ్రెండ్స్, బయట వాన మొదలైంది, నేను వెళ్లి అద్దాలు వేసి వస్తా. బై.